పెందుర్తి వైపు ఇల్లు మారుతున్నారా?

విశాఖలో బీచ్ దగ్గరి అద్దెలు భరించలేక పెందుర్తి, కొత్తవలస వైపు ఇల్లు చూసుకునే కుటుంబాలున్నాయి. మంచి ఆలోచనే. ఉప్పుగాలి తగ్గుతుంది కనుక కిటికీ ఊచలు, స్కూటర్లు, ఏసీ బయటి యూనిట్లు అంత త్వరగా తుప్పు పట్టవు.

వేసవి మాత్రం వేరు. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. ఆ వేడిగాలి పైకి లేస్తే, దాని చోటుకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. తీరాన ముందుగా తగిలే ఆ గాలి లోపలికి వెళ్లేకొద్దీ ఆలస్యమవుతుంది, బలం తగ్గుతుంది. మధ్యలో సింహాచలం కొండలు కూడా అడ్డు. మే నెలలో పడమటి వడగాలి గట్టిగా వీచిన రోజున సముద్రపు గాలి అసలు రాకపోవచ్చు. అందుకే పడమటి ఎండ నేరుగా పడని ఇల్లు వెతకండి. చూడ్డానికి మిట్టమధ్యాహ్నమే వెళ్లండి. సాయంత్రం చూస్తే ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది!

తుఫాను బెడద తప్పిందనీ అనుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు, బీచ్‌కు దూరంగా ఉన్న విమానాశ్రయం పైకప్పు కూడా దెబ్బతింది. అలల భయం లేకపోయినా గాలి భయం ఉంటుంది.

ఇక నీళ్లు. గెడ్డ పక్కన పల్లపు స్థలం చవగ్గా వస్తోందంటే, వానాకాలంలో అక్కడ నీరు ఎంతవరకు నిలుస్తుందో ఆ వీధి పాతకాపులను అడగండి. ఎండాకాలంలో బోరు ఎప్పుడు అడుగంటుతుందో చెప్పగలిగేదీ వాళ్లే.