కట్ట భద్రతా మన హక్కే



2024 సెప్టెంబరు తొలి వారంలో బుడమేరుకు పడిన గండ్లు విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలను రోజుల తరబడి నీట ముంచాయి. సైన్యం సాయంతో సెప్టెంబరు 7న మూడో గండిని పూడ్చారు. అయితే గండి పూడ్చడం వేరు, కట్టను పటిష్ఠపరచడం వేరు.

రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధికి ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం సమకూరుస్తాయి. దెబ్బతిన్న కట్టల తక్షణ మరమ్మతులకు ఆ నిధి నిబంధనలు అవకాశమిస్తున్నాయి. రాబోయే ముప్పును తగ్గించే పనులకై 15వ ఆర్థిక సంఘం విపత్తు నిధుల్లో 20 శాతాన్ని వేరుగా ఉంచమన్నది.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 61వ సెక్షన్, బాధితులకు పరిహారం, సహాయం అందించడంలో మతం, కులం, లింగం వంటి కారణాలతో వివక్ష చూపరాదని శాసిస్తోంది. ఆ హక్కును మనం పరిహారపు జాబితాల దగ్గర అడుగుతున్నాము, అడగవలసిందే. కానీ కట్ట నిలవకపోతే, వచ్చిన పరిహారంతో కొన్న సామాను మరుసటి వానలకు మళ్ళీ నీటిపాలవుతుంది.

కనుక వానాకాలానికి ముందే పొరుగువారందరినీ కలుపుకొని సమాచార హక్కు దరఖాస్తు పెడదాము: మన వాడను కాచే కట్టకు ఎంత మంజూరైంది? ఎంత ఖర్చయింది? పని ఎప్పటికి పూర్తవుతుంది? సహాయం కోసం చాచే చేతులు, లెక్క అడిగే చేతులు కూడా కావాలి.