ఫెచ్ చుట్టూ పొరలు: ఏది లోపల, ఏది బయట?

దుబాయ్ నుంచి మాట్లాడుతున్నాను. మెట్రోలో సిగ్నల్ పోయిందనీ, బస్సు దిగేసరికి సగమే విన్నామనీ మెసేజ్‌లు పెడుతుంటారు కదా, వాళ్ల కోసం ఈ వారం మాట్లాడింది ఇక్కడ రాసి పెట్టాను. కోడ్ గట్టిగా చదివితే వినేవాళ్లకి నిద్రొస్తుంది, అందుకే అంతా మాటల్లోనే చెప్పాను. పగలు డ్యూటీ చేసి రాత్రి రూమ్‌లో జావాస్క్రిప్ట్ నేర్చుకునేవాళ్లు మన శ్రోతల్లో ఉన్నారు. ఇది ముఖ్యంగా వాళ్లకి.

సర్వర్‌ని ఏదైనా అడగాలంటే జావాస్క్రిప్ట్‌లో ఫెచ్ అనే ఫంక్షన్ ఉంది. బ్రౌజర్‌లో ఎప్పట్నుంచో ఉంది, 2022లో వచ్చిన నోడ్ 18 నుంచి అక్కడ కూడా ఫ్లాగ్ పెట్టకుండానే దొరుకుతోంది. మంచిదే కానీ దానికి కొన్ని మొండి అలవాట్లున్నాయి. సర్వర్ 404 ఇచ్చినా, 500 ఇచ్చినా ఫెచ్ దాన్ని తప్పుగా లెక్కపెట్టదు. జవాబు వచ్చింది కదా, నా పని అయిపోయింది అంటుంది. ప్రామిస్ రిజెక్ట్ అయ్యేది నెట్‌వర్క్ తెగిపోయినప్పుడో, మనమే ఆపేసినప్పుడో. కాబట్టి స్టేటస్ 200 నుంచి 299 లోపల ఉందా లేదా అని రెస్పాన్స్‌లోని ఓకే చూసి మనమే తేల్చుకోవాలి. ఇన్ని సెకన్లలో రాకపోతే వదిలెయ్ అని మనం చెప్పకపోతే అదీ చెయ్యదు. మళ్లీ ప్రయత్నించడం దానంతట దానికి రాదు.

ఇవన్నీ ప్రతి స్క్రీన్‌లో రాయలేం కదా. అందుకని చిన్న చిన్న హెల్పర్లు రాసుకుంటాం. ఒక్కో హెల్పర్ ఫెచ్‌ని తీసుకుని, అచ్చం ఫెచ్‌లాగే పిలవగలిగే ఇంకో ఫంక్షన్ తిరిగిస్తుంది. ఆకారం మారదు కాబట్టి ఒకదాని మీద ఒకటి ఎన్నయినా చుట్టుకోవచ్చు. స్టేటస్ చూసేది ఒకటి, టైమౌట్ పెట్టేది ఒకటి, రీట్రై చేసేది ఒకటి. వీటన్నిటినీ ఒక లిస్టులో పెట్టి, రిడ్యూస్‌తో ఫెచ్ చుట్టూ చుట్టేస్తే ఒక్క లైన్‌లో పని అయిపోతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నేనూ అలాగే మురిసిపోయా.

నేను అప్పట్లో జీతం కార్డు నుంచి ఇంటికి డబ్బు పంపే ఒక యాప్‌లో పనిచేసేవాణ్ణి. కంపెనీ పేరు అడక్కండి. డబ్బు పంపే పని పోస్ట్ రిక్వెస్ట్. గెట్ ఎన్నిసార్లు అడిగినా పర్లేదు, పోస్ట్ రెండుసార్లు వెళ్తే రెండు పనులు జరగొచ్చు. దానికి విరుగుడుగా ఐడెంపొటెన్సీ కీ అని ఒక హెడర్ పంపుతాం. బ్యాంకులో టోకెన్ లాంటిదనుకోండి. కౌంటర్ దగ్గరికి మూడుసార్లు వెళ్లినా చేతిలో అదే టోకెన్ ఉంటే, మనం ఒక్కరమేనని వాళ్లకి తెలుస్తుంది. వెళ్లిన ప్రతిసారీ కొత్త టోకెన్ తీసుకెళ్తే ముగ్గురి కింద లెక్క.

నేను లిస్టులో ముందు కీ, తర్వాత టైమౌట్, చివర రీట్రై రాశాను. పైన రాసింది ముందు జరుగుతుందనుకున్నా. కానీ రిడ్యూస్ ఫెచ్‌తో మొదలుపెట్టి చుట్టుకుంటూ వెళ్తుంది. అంటే మొదట రాసిందే అన్నిటికన్నా లోపలి పొర. రీట్రై బయట, కీ లోపల. ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ పుట్టింది. చేతిలో కొత్త టోకెన్!

విడివిడిగా టెస్టులన్నీ పాసయ్యాయి. ఆఫీసు వైఫైలో ఒక్కసారి కూడా బయటపడలేదు. క్యాంపులో శుక్రవారం రాత్రి అందరూ ఒకేసారి ఇంటికి వీడియో కాల్ చేస్తుంటే నెట్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. సర్వర్ డబ్బు పంపేసింది, జవాబు మాత్రం సమయానికి ఫోన్‌కి చేరలేదు. టైమౌట్ అయితే పని జరగలేదని కాదండీ, జరిగిందో లేదో మనకి తెలియదని. నా రీట్రై మళ్లీ పంపింది.

కాల్ సెంటర్‌లో ఆ రోజు తెలుగు వచ్చినవాళ్లు లేక ఫోన్ నాకిచ్చారు. జగిత్యాల వైపు మనిషి. "అన్నా, ఏడు వందలు పంపమన్న, పధ్నాలుగు వందలు పోయినయ్. జీతమే పదిహేను వందలు. నేను ఒక్కసారే నొక్కిన అన్నా, ఒట్టు." ఆయన ఒట్టు పెట్టుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది చెప్పండి? తప్పు నాది. లాగ్ తెరిచి చూస్తే ఏడు సెకన్ల తేడాతో రెండు రిక్వెస్టులు, రెండు వేర్వేరు కీలు. డబ్బు ఆయన ఇంటి ఖాతాకే చేరింది కాబట్టి నష్టం లేదన్నారు కంపెనీలో. నెల మొత్తానికి చేతిలో వంద దిర్హాములు! ఇంట్లోవాళ్లు అప్పటికే ఆ డబ్బు అప్పుకి కట్టేశారట. మెస్ వాళ్లు ఖాతా పెట్టుకోనిచ్చారు కాబట్టి సరిపోయింది. రెండో బదిలీ ఛార్జీ మాత్రం కంపెనీ వెనక్కిచ్చింది.

కీ పొరని బయటికి జరిపితే చాలనుకున్నా ముందు. చాలదు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు చూసి మనిషి మళ్లీ నొక్కితే మళ్లీ కొత్త కీ. అందుకని ఇప్పుడు హెల్పర్ కీ తయారు చెయ్యదు. డబ్బు పంపే ఫారం తెరిచినప్పుడే కీ పుడుతుంది, ఆ బదిలీ సంగతి తేలేదాకా అదే ఉంటుంది. రీట్రై పొర పోస్ట్‌ని చూస్తే ముందు కీ ఉందా అని చూస్తుంది. లేకపోతే ఒక్కసారే పంపి ఊరుకుంటుంది.

మిగతా వరుస సంగతి గబగబా చెప్పేస్తా. స్టేటస్ చూసే పొర రీట్రైకి లోపల ఉండాలి, లేకపోతే 503 వచ్చినా రీట్రైకి అది తప్పని తెలియదు. 400 వస్తే మళ్లీ అడగొద్దు, అది మనం పంపినదాంట్లో తప్పు. 429తో రిట్రై-ఆఫ్టర్ హెడర్ వస్తే అది చెప్పినంతసేపు ఆగాలి. టైమౌట్ రీట్రై లోపల పెడితే ప్రతి ప్రయత్నానికీ విడిగా గడువు, బయట పెడితే మొత్తానికి ఒకటే గడువు. నేను రెండూ పెడతాను. వాడేవాళ్లు రద్దు నొక్కిన సిగ్నల్‌నీ టైమౌట్ సిగ్నల్‌నీ కలపడానికి అబార్ట్‌సిగ్నల్‌లో ఎనీ ఉంది. రద్దు నొక్కితే మాత్రం రీట్రై చెయ్యకండి, కోపమొస్తుంది వాళ్లకి. ఇంకోటి, రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ బాడీ ఒక్కసారే ఖర్చవుతుంది. మళ్లీ పంపాలంటే ముందే క్లోన్ చేసి ఉంచుకోవాలి.

టెస్టు కూడా మార్చాను. హెల్పర్లు ఫెచ్‌ని బయటి నుంచి తీసుకుంటాయి కాబట్టి అసలు ఫెచ్ బదులు దొంగ ఫెచ్ ఇవ్వొచ్చు. రెండుసార్లు ఫెయిలై మూడోసారి జవాబిచ్చేది ఒకటి రాశా. అన్ని పొరలూ చుట్టాక దాన్ని పిలిచి, మూడుసార్లూ ఒకే కీ వచ్చిందా అని చూస్తా. పదిహేను లైన్లు లేదు అది. ముందే రాసి ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదు.

ఆయన ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. చక్రం తిరుగుతూ ఆగిపోతే, "అన్నా, మళ్ల నొక్కాల్నా?" అని. నొక్కండి, ఏం కాదు అంటాను. అయినా ఆయన నొక్కరు. మర్నాడు ఎక్స్ఛేంజ్‌కి వెళ్లి లైన్‌లో నిలబడి పంపుతారు.

సరే, ఉంటానండీ. మీ హెల్పర్ల లిస్టు ఏ వరుసలో ఉందో పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.