పక్షాఘాతము – నెత్తుటిగడ్డను లాగివేయు చికిత్స
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మాటాడుట కలవాటుపడిన యీ వేదికపై నొక వ్యాధిని గూర్చి ప్రసంగింప బూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. మేము వైద్యులము గాము. బాలురకు శబ్దములును ధాతువులును వల్లెవేయించినవారము. అయినను ఒక సంగతి మమ్ము చిరకాలముగా బాధించుచున్నది. ప్రతి మహాసభారంభమునను కార్యదర్శిగారు దివంగతులైన సభ్యుల పట్టికను చదువుదురు. మనమందఱము లేచి నిలిచి మౌనము వహింతుము. ఆ పట్టికకెక్కక, మంచముపట్టి, కుడిచేయి కదలక, కన్నకొడుకు పేరు నోట పలుకలేక యున్నవారి పట్టికను మాత్రమెవరును చదువరు. అట్టివారు మన యిండ్లలో నున్నారని మీరందఱును ఎఱుగుదురు.

ఈ వ్యాధిని మన జనులు పక్షవాతమందురు. చరకసంహితయందు వాతవ్యాధులలో పక్షవధమను పేర నిది చెప్పబడినది. పక్షమనగా శరీరములో నొక ప్రక్క. పేరు మంచిదే కాని, దానినుండి పుట్టిన యూహ మనకు కీడు చేసినది. వాతమనగానే చేతికిని కాలికిని గాలి సోకినదనుకొని ఆ చేతినే, ఆ కాలినే నూనెతో మర్దింతురు, పసరు పోయుదురు, పావురపు నెత్తురు పూయువారును కలరు. రోగము చేతిలో లేదు, కాలిలో లేదు, తలలో నున్నది. మెదడునకు రక్తము గొనిపోవు ధమనులలో నొకటి గడ్డచే మూసికొనగా, దానిపై నాధారపడిన భాగము పోషణలేక నశించుచున్నది. ధమని పగిలి నెత్తురు చిమ్మినను ఇవే లక్షణములు కలుగవచ్చును. ఈ రెంటికి గల భేదమును పైనుండి చూచి యెంతటి ఘనవైద్యుడును నిశ్చయింపజాలడు. తలకు సీటీ స్కాను తీసియే తెలిసికొనవలెను. కావుననే, రక్తము పలుచనగునని యింటిలోనున్న ఆస్పిరిను బిళ్లను మ్రింగించుట సాహసము. మ్రింగెడి శక్తియే పోయియుండవచ్చును గనుక మంచినీళ్లును పోయరాదు.

మూసికొనిన ధమనిని తెఱచుట యెట్లు? గడ్డను కరగించు మందును సూదిద్వారా ఎక్కించుట మొదటి మార్గము. దీని గుణము 1995వ సంవత్సరమున వెలువడిన అమెరికా పరిశోధనచే స్థిరపడెను. 3 గంటలలోపలనే యియ్యవలెనని మొదట ననిరి; 2008లో వెలువడిన ఐరోపా పరిశోధన పిమ్మట 4.5 గంటలవఱకు గడువు పెరిగెను. కాని మెడలోని పెద్ద ధమనియో, మెదడు నడిమి ధమని మొదలో మూసికొనినపుడు గడ్డ పెద్దది. మందు దానిని తఱచుగా కరగింపజాలదు. మాటయు, చేయియు, కాలును ఒక్కమాఱుగా పోవు ఘోరమైన పక్షాఘాతములలో అనేకములిట్టివే.

అట్టి గడ్డను కరగుటకు విడువక, పట్టి లాగివేయుటయే మేము చెప్పబూనిన చికిత్స. తల కోయరు. గజ్జలోని ధమనికి, కొన్నియెడల మణికట్టులోని ధమనికి, చిన్న రంధ్రము చేసి సన్నని గొట్టమును ప్రవేశపెట్టి, హృదయసమీపమున మలుపు త్రిప్పి, మెడమీదుగా మెదడువఱకు పోనిత్తురు. ధమనులలో మందు చిమ్మి ఎక్సురే తెరపై దారి చూచుకొందురు; మెదడు ధమనుల నిట్లు మొదట చూపినవాడు పోర్చుగలు దేశపు ఈగాస్ మోనిజ్, 1927లో. చేరవలసిన ధమని వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు. అచ్చట గొట్టములోనుండి సన్నని తీగెలతో నల్లిన వలను గడ్డలోనికి విడుతురు. నికెలును టైటేనియమును కలిపి చేసిన యా లోహము ఎంత మడిచినను తన రూపమును మఱువదు; గొట్టము వెలుపలికి రాగానే విచ్చుకొని గడ్డను తన కన్నులలో నిఱికించుకొనును. కొన్ని నిమిషములు నిలిపి, వెనుకనుండి పీల్చుచు, వలను గడ్డతోసహా లాగుదురు. కొందఱు వలలేక పీల్చుటచేతనే తీయుదురు. ఇంత యనర్థమును చేసిన యా గడ్డ తఱచుగా చిటికెనవ్రేలి గోరంత.

శరీరములో నాటుకొని బాధించుదానిని సుశ్రుతుడు శల్యమనెను. అట్టివానిని తీయుట మొదలగు పనులకు 101 యంత్రములను చెప్పెను. ఈ గడ్డయు నొక శల్యమే యని చెప్పుకొనుట మాకు ముచ్చటగనే యున్నది. అంతమాత్రమున నీ చికిత్స మన పూర్వులకు తెలిసియుండెనని సభలలో గర్జించువారితో మేమేకీభవింపము. శవమును నీటనుంచి పొరపొరగా పరిశీలించి నేర్చుకొమ్మన్న సుశ్రుతుడు ఇట్టి గొప్పలను మెచ్చుకొనియుండడు.

ఈ విద్య యొక్కనాటికి పండలేదు. మెలితిరిగిన తీగెతో గడ్డను పట్టు పరికరమునకు అమెరికా ప్రభుత్వము 2004లో ననుమతినిచ్చెను. 2013లో మూడు పరిశోధనలు వెలువడి, మామూలు చికిత్సకంటె నిది మేలని చూపజాలకపోయెను. పిమ్మట వలవంటి మంచి పరికరములు వాడుకకు వచ్చి, పెద్ద ధమని నిజముగా మూసికొనియున్నదో లేదో ముందుగా చిత్రములో చూచి రోగులను ఏర్పఱచుట నేర్చిరి. 2015లో హాలెండునుండి 500 మందిపై జరిగిన పరిశోధన వెలువడెను. మూడు నెలలకు ఒరుల సాయములేక తమ పనులు తాము చేసికొనగలిగినవారు మామూలు చికిత్సలో నూటికి 19 మంది, ఈ చికిత్సలో 33 మంది. ఆ యేడే మఱి నాలుగు పరిశోధనలు దీనిని బలపఱచెను. ఐదింటిలోని 1287 మంది లెక్కను 2016లో కలిపి చూడగా నూటికి 26.5కు బదులు 46 మంది తేలిరి.

మరణముల సంఖ్యలో మాత్రము నిశ్చయముగా చెప్పదగిన భేదము కానరాలేదు. ఈ మాటను దాచి చెప్పరాదు. గడ్డ తీసినను పోవువారు పోవుచునే యున్నారు. భేదమంతయు, బ్రతికినవారు ఎట్లు బ్రతికిరనుటలో నున్నది. ఇరువురు పట్టి లేవదీయవలసినవాడు తానే లేచి పెరటిలోనికి పోవును. అన్నము తానే కలుపుకొనును. మంచముపట్టిన మామగారికి 15 ఏండ్లు సేవచేసిన కోడండ్రనడిగినచో ఈ అంకెల యర్థమును మాకంటె బాగుగ చెప్పుదురు.

ఇక కాలము. పెద్ద ధమని మూసికొనినపుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో గణించిరి. మనమో గంటలు గంటలుగా ధారపోయుచున్నాము. మేమెఱిగిన యొక గృహమున, రాత్రి భోజనమైన పిమ్మట యజమానికి మూతి ప్రక్కకుపోయి మాట తడబడెను. భార్య చూచి బండిని పిలువుమని మొఱపెట్టినది. పెదతండ్రిగారు పొరుగూరినుండి వచ్చి చెప్పనిదే కదలరాదని తక్కినవారనిరి. ఆయన తెల్లవాఱి వచ్చెను. వచ్చి, ఇంకను తీసికొనిపోలేదేమని అందఱిపై కేకలువేసెను. యజమానికి అప్పటికి 58 ఏండ్లు. నేడు వీధియరుగుమీద కూర్చుండబెట్టినచోటనే కూర్చుండియుండును. పెద్దలనడిగి నడచుకొనుట మన కులమున సదాచారము. పెండ్లికడుగుడు, పొలము పంపకమునకడుగుడు. దీనికడుగవలదు.

2018లో వెలువడిన రెండు పరిశోధనలు, కొందఱికి 16 గంటలవఱకును, 24 గంటలవఱకును సహితమీ చికిత్స మేలుచేయునని చూపెను. ఇది విని నిదానముగా పోవచ్చునని తలపరాదు. మెదడులో రక్షింపదగిన భాగమింకను మిగిలియున్నదని చిత్రములో కనబడినవారికే యా గడువు. నిద్రలో వ్యాధి తగిలి, ఎప్పుడు తగిలినదో తెలియనివారికి మాత్రమిది గొప్ప యాశ. వైద్యులు మొదట నడుగునది, రోగిని చివరగా బాగుగనుండగా ఎప్పుడు చూచితిరని. ఆ గంటను కాగితముపై వ్రాసికొని పోవలెను.

ఈ చికిత్స ప్రతి పట్టణమున లేదు. హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడవంటి నగరములలో కలదు; వ్యయము లక్షలలో నుండును. 108 బండి తెలుగునాట 2005 నుండి నడచుచున్నది. బండి యున్నను, సీటీ స్కాను లేని చోటికి పోయి సెలైను పెట్టించుకొని కూర్చుండినచో ఫలమేమి?

కల్యాణమండపముపై మఱియొక యంతస్తు వేయుటకు సొమ్ము కూడినదని విన్నాము. ఆ యంతస్తు ఒక యేడాది ఆగవచ్చునని మా యభిప్రాయము, పోషకులు కోపింపకుందురుగాక. ఆ సొమ్ములో కొంత వేఱుపఱచి, నడిరాత్రి ఆసుపత్రిలో ముందుగా కట్టవలసిన మొత్తమును చెల్లించు నిధిగా నుంచవలెను. శక్తిగలవారు పిదప తిరిగి కట్టుదురు. ఏ యూర సీటీ స్కాను రాత్రియు పనిచేయునో, ఏ యాసుపత్రిలో గడ్డ తీయు వైద్యుడు కలడో మన యువవైద్యులు విచారించి పట్టిక వ్రాయవలెను. వైద్యులు చోట్లు మాఱుచుందురు గనుక ఏడాదికి రెండుమాఱులు సరిచూడవలెను. పట్టిక తలపై మూడు గుఱుతులు పెద్దయక్షరములతో నుండవలెను: నవ్వుమన్న మూతి వంకరపోవుట, రెండు చేతులెత్తుమన్న నొకటి జాఱుట, మాట తడబడుట. ఇందులో నొక్కటి కనబడినను బండిని పిలువవలెను. ఆ పట్టికను ప్రతి సభ్యుని వంటింటి తలుపునకు అంటింపవలెనని మా కోరిక. వంటింటి తలుపేల యన, మూతి వంకరపోవుటను తఱచుగా మొదట చూచునది స్త్రీలు. చూచినవారే 108ని పిలువవచ్చుననియు, పెద్దల యనుమతికి ఆగనక్కఱలేదనియు ఈ మహాసభయే తీర్మానించినచో రేపు వారినెవరును ఆక్షేపింపజాలరు.

తీర్మానపు ప్రతిని కార్యదర్శిగారికి అందజేసితిమి. మధ్యాహ్న సమావేశమున దానిని చర్చకు పెట్టుదుమని వారు సెలవిచ్చినారు.