పాలేరుకు దక్కని పట్టా: ఐరోపా సెర్ఫు విముక్తి, గోదావరి డెల్టా

ఐరోపా సెర్ఫు భూమికి కట్టుబడ్డ రైతు. దొర సెలవు లేనిదే ఊరు విడవలేడు. వారంలో కొన్ని రోజులు దొర పొలంలో ఊరికే చాకిరీ చేయాలి. అయినా తను దున్నుకునే చెక్క ఒకటి అతని చేతిలో ఉండేది. 1348 నాటి మహామారి తర్వాత పనివాళ్లు కరువై పశ్చిమాన ఈ కట్టు సడలింది. ఎల్బే నదికి తూర్పున ధాన్యం ఎగుమతులు పెరిగి మరింత బిగిసింది. దాన్ని తొలగించే చట్టాలు ప్రష్యాలో 1807లో, ఆస్ట్రియాలో 1848లో, రష్యాలో 1861లో వచ్చాయి. క్షీణతకు కారణం జనాభాయా, వర్గపోరా అని చరిత్రకారులు పోస్టన్, బ్రెన్నర్ పక్షాల మధ్య నడిచిన వాదం పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

 

అసలు తగాదా ఇది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టాన్ని మన 1861గా చెప్పడం సభల్లో అలవాటైంది. అది నిలవని మాట. ఆ చట్టం జమీందారును తప్పించి పట్టాలిచ్చింది సాగుహక్కున్న రైతుకు, పాలేరుకు కాదు. పైగా గోదావరి డెల్టాలో చాలా భూమి అప్పటికే రైత్వారీ. అక్కడ రద్దు కావలసిన జమీందారే లేడు.

రష్యాలో సెర్ఫుకు చేను దక్కింది. దానికి 49 ఏళ్ల వాయిదాల్లో సొమ్ము కట్టమన్నారు. 1905 తిరుగుబాటు తర్వాతే ఆ బాకీ మాఫీ అయింది. బేరం అన్యాయమే, కాని బేరంలో భూమి ఉంది. దొర ఇంట్లో నౌకరీ చేసే సెర్ఫులకు మాత్రం భూమి రాలేదు. పాలేరుకు పోలిక కుదిరితే వాళ్లతోనే కుదరాలి. ఈ తేడాను దాటేసే పుస్తకాలే ఎక్కువ.

మన దేశంలో 1843 నాటి అయిదో చట్టం బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించకుండా చేసింది, సెంటు భూమి ఇవ్వలేదు. పెళ్లికో జబ్బుకో తీసుకున్న అప్పు పాలేరును ఏడాదికేడాది అదే కామందు గుమ్మానికి కట్టేసింది. భూమిలేనితనం తెల్లవాళ్ల పాలనలో పుట్టిందేనని 1952లో ఆర్థికవేత్త సురేంద్ర పటేల్ వాదించారు. కులం కారణంగా భూమికి దూరమైన కూలీలు అంతకుముందే పెద్దసంఖ్యలో ఉన్నారని 1965లో చరిత్రకారిణి ధర్మా కుమార్ చూపారు. మాల, మాదిగ పల్లెల సంగతి తెలిసినవారికి రెండో మాటే నిజమని తోస్తుంది.

గోదావరి మీద కాటన్ కట్టించిన ఆనకట్ట (1847–52) పాలేరును కామందుకు కట్టేసిన ఈ ముడిని విప్పిందనేవారూ ఉన్నారు. భూమి విరివిగా ఉండి మనుషులు కరువైనచోటే దొరకు నిర్బంధం అవసరమని 1970లో ఆర్థికవేత్త డోమార్ అన్నాడు. ఆనకట్ట నీళ్లొచ్చాక ఏలూరు కాలువ కింద భూమే ప్రియమైంది. మనిషిని బలవంతంగా పట్టి ఉంచే అవసరం తగ్గింది, ఆకలే ఆ పని చేసింది. దాన్ని విముక్తి అనడం అతిశయోక్తి.

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కట్టుబానిస బాకీలను రద్దు చేసింది. భూమి మాట అందులోనూ లేదు. కొల్లేరులో సహకార సంఘాల పేరిట పేదలకిచ్చిన చెరువులు లీజుల మీద పెట్టుబడిదారుల చేతికి ఎలా వెళ్లాయన్నది ఈ కథకు కొనసాగింపే. ఇప్పుడు నేను చేస్తున్న పరిశోధన దాని మీదే. తాడేపల్లిగూడెం, భీమడోలు, ఏలూరు ప్రాంతాల కామందుల ఇళ్లలో పాలేర్ల అప్పు నోట్లు, ధాన్యం పద్దులు అటకల మీద చెదలు పడుతున్నాయి. అవి ఉన్నవారు పారేయకుండా నకలు తీసుకోనివ్వాలని మనవి.