క్లినిక్కులలో శస్త్రచికిత్స: రోగికి రక్షణ



శస్త్రచికిత్స యనగానే జనులకు పెద్ద ఆసుపత్రియే స్ఫురించును. కాని అమెరికాలో పుట్టుమచ్చ తీయుట మొదలు చర్మము క్రింది కొవ్వును గొట్టముతో లాగివేయుట వరకు అనేకము వైద్యుల సొంత క్లినిక్కులలోనే జరుగుచున్నవి. ఖర్చు తక్కువ, సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. ఇందులో తప్పు లేదు. చిక్కు వేరొకచోట నున్నది. ఆసుపత్రికి తనిఖీ యుండును. వైద్యునికి పట్టా యుండును. ఆ పట్టా మనిషిదే కాని గదిది కాదు. చిరకాలము ఆ గదిని పరీక్షించువారే లేకపోయిరి.

కత్తికన్న మత్తునకే ఎక్కువ జాగ్రత్త కావలెను. నరములోని కెక్కించు మత్తు మోతాదు మీరినచో శ్వాస మందగించును. రక్తములో ప్రాణవాయువు తగ్గుటను వ్రేలికి తగిలించు చిన్న యంత్రము తెలుపును. కాని దానిని చూచుచుండుటకే ఒక మనిషి కావలెను. కోయు చేతులు ఆ పనికూడ చేయజాలవు. కొందరికి కొన్ని మత్తువాయువుల వలన ఒడలు విపరీతముగ కాగిపోవును, కండరములు బిగియును. దానికి డాంట్రోలీన్ అను మందు వెంటనే ఎక్కింపవలెను. అది పట్టణములో నెక్కడనో ఉన్న లాభమేమి? ఆ గది బీరువాలోనే ఉండవలెను.

కాలిఫోర్నియా రాష్ట్రము 1994లోనే గాఢమైన మత్తు నిచ్చు క్లినిక్కులకు గుర్తింపు ఉండవలెనని శాసించినది. ఫ్లోరిడాలో మరణములు బయటపడగా, 2000 ఆగస్టులో అచ్చటి వైద్యమండలి క్లినిక్కులలో పూర్తి మత్తుతో చేయు శస్త్రచికిత్సలను 90 దినములు నిలిపివేసినది. న్యూయార్కు 2007లో చట్టము చేసి, గుర్తింపుతోపాటు మరియొక నిబంధన విధించినది: రోగి మరణించినను, అనుకొనకుండ ఆసుపత్రికి తరలింపవలసి వచ్చినను ప్రభుత్వమునకు తెలుపవలెను. అన్నిటికన్న విలువైనది ఇదియే. తెలుపనిచో ఒక క్లినిక్కులోని పొరపాటు మరియొక క్లినిక్కునకు పాఠము కాజాలదు. ఆ ఇంటివారి దుఃఖముగనే మిగిలిపోవును.

ఖర్చు పెరుగునని, చిన్న వైద్యులు నిలువలేరని అభ్యంతరము కలదు. అది వట్టిమాట కాదు. అందుచేతనే ఫ్లోరిడా నిబంధనలు మత్తును బట్టి మూడు తరగతు లేర్పరచినవి. పుట్టుమచ్చ తీయు వైద్యునికి పూర్తి మత్తు నిచ్చువాని బరువు లేదు.

తెలుగునాట ప్రైవేటు వైద్యశాలల నమోదునకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో చట్టము వచ్చినది. కేంద్రము 2010లో మరియొకటి చేసినది. గోడమీది నమోదు పత్రము చూచుట మంచిదే. అంతటితో తృప్తిపడరాదు. మత్తు నిచ్చువారెవరు, ప్రాణవాయువు సిద్ధముగ నున్నదా, ప్రమాదము వచ్చినచో ఏ ఆసుపత్రికి ఎంత సేపటిలో చేర్తురు అని వైద్యుని అడుగవలెను. శస్త్రచికిత్స నాటి ఉదయము కాదు. ముందునాడే, ఇంటివారి నొకరిని వెంటబెట్టుకొని అడుగవలెను.