తెగిన నరానికి జిగురు అతుకు
(సునాబెడలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సునాబెడలో 1960లలో విమాన ఇంజన్ల కర్మాగారం వెలిసింది. ఇక్కడివారిది లోహం పని, మనది నూలు పని. చెయ్యి యంత్రంలో పడితే మాత్రం తెగేది అందరికీ అదే నరం.

ఇలాంటి గాయాలు మనం చూసినవే. కుట్లు పడతాయి, గాయం మానుతుంది, డ్యూటీకి వస్తాం. అప్పుడు గాని తెలియదు, పోగు వేలికి తగలడం లేదని. చర్మం అతికింది, లోపలి నరం అతకలేదు. పోగు తెలియని వేళ్లతో రింగ్ ఫ్రేము దగ్గర ఎన్నాళ్లు నిలబడగలం?

నరమంటే ఇక్కడ రక్తనాళం కాదు. మెదడుకూ వేలికీ మధ్య కబురు మోసే తీగ. తెగిన కొసలను డాక్టర్లు సూక్ష్మదర్శిని కింద, వెంట్రుక కంటె సన్నని నైలాన్ దారంతో కుడతారు. సూది గుచ్చినచోట నరానికి మళ్లీ దెబ్బే. ముడి వేసిన నూలు మగ్గం మీద ఎలా తగులుకుంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే కదా ఆటోకోనరులో ముడి పోయి, గాలితో అతికే స్ప్లైసర్ వచ్చింది!

నరానికీ అలాంటి అతుకు కోసం వెదుకులాట పాతదే. 1940లో యంగ్, మెడవార్ అనే శాస్త్రజ్ఞులు రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్‌తో ప్రయత్నించారు. దాని పట్టు తక్కువ. ఇక ఫెవిక్విక్ లాంటి జిగురు గాయంలో పోసుకునేవాళ్లు మనలో ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు.

2025 జూన్‌లో టిసియం అనే కంపెనీ పాలిమర్ జిగురుకు అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. ఈ జాతి పాలిమర్లలో వాడే సెబాసిక్ ఆమ్లం మన ఆముదం నుంచి తీసేదే. నరం కొసలను చిన్న తొడుగులో చేర్చి, జిగురు వేసి వెలుతురు చూపితే గట్టిపడుతుంది. క్రమంగా ఒంట్లోనే కరుగుతుంది. ఏడాదిపాటు గమనించిన 12 మందికీ వేళ్లు పూర్తిగా ముడుచుకున్నాయి, చాచుకున్నాయి, నొప్పి లేదు. మంచి వార్తే. కాని 12 మందంటే మన ఒక షిఫ్టులో మూల కూడా నిండదు.

పైగా ఏ జిగురూ నరాన్ని త్వరగా పెంచదు. అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలికొస చేరేసరికి ఆరు నెలలు. అన్నాళ్లూ ఇల్లు గడవాలి. పని ప్రమాదమైతే ఈఎస్ఐ కింద సగటు వేతనంలో 90 శాతం వస్తుంది. వారానికే ఫిట్ అని రాయించుకుని ఆ హక్కు పోగొట్టుకోకండి.

వేలు కోసుకున్న రోజునే, కుట్లు వేయకముందే, కొసన స్పర్శ ఉందో లేదో డాక్టరు చేత చూపించండి. లేకపోతే ఆ మాట ప్రమాద నివేదికలో రాయించండి.