వెనుక సీటుకూ పెడల్స్ ఉన్నాయి

(రేడియో ప్రసంగ పాఠము)
ధ్యాన వాక్యభాగము: సంఖ్యాకాండము 10:29-32



మా పూడూరు నుండి మన్నెగూడ వైపు వెళ్లే దారిలో ఒకే సైకిలుమీద ఇద్దరు వెళ్లడం నేను చాలాసార్లు చూశాను. ముందున్నవాడు చెమటోడ్చి తొక్కుతాడు. క్యారియర్‌మీద కూర్చున్నవాడు కాళ్లాడిస్తూ కబుర్లు చెబుతాడు. ఈ దినము నేను మరో రకం సైకిలును గురించి చెప్పాలని ఆశపడుతున్నాను. దాని పేరు టాండెమ్. దానికి రెండు సీట్లు, రెండు జతల పెడల్స్ ఉంటాయి. చూపులేనివారి పందెములలో ముందు కూర్చునేవానికి చూపు ఉంటుంది. అతనిని పైలట్ అంటారు. వెనుక కూర్చునేవానికి చూపు ఉండదు, లేదా బహు తక్కువ. వెనుక హ్యాండిలు పట్టుకోవడానికే గాని తిప్పడానికి కాదు. అయితే రెండు జతల పెడల్స్‌నూ చైను కలిపి ఉంచుతుంది గనుక ఇద్దరి కాళ్లూ కలిసే తిరగాలి. అక్కడ కాళ్లాడిస్తూ కూర్చునే వీలు లేదు.

స్కాట్లాండు దేశములోని అబర్డీన్ పట్టణములో 1984లో నీల్ ఫాకీ అనే ఆయన పుట్టాడు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్యమైన కంటిజబ్బు ఆయనకున్నది. ఈ జబ్బు సాధారణంగా రేచీకటితో మొదలై, చుట్టుచూపును కొంచెం కొంచెంగా తీసివేస్తుంది. 2008 బీజింగ్ పారాలింపిక్స్‌లో ఆయన పరుగుపందెములలో పాల్గొన్నాడు. పతకము రాలేదు. పరుగుకోసం అందుతున్న ఆర్థిక సహాయము కూడా ఆ తరువాత ఆగిపోయింది. అప్పటికి ఆయనకు 24 ఏండ్లు. ఇక ఇంతే అనుకొని ఇంట కూర్చోవచ్చు. కాని ఆయన టాండెమ్ వెనుక సీటు ఎక్కాడు.

2012 లండన్ పారాలింపిక్స్‌లో బార్నీ స్టోరీ పైలట్‌గా, ఒక కిలోమీటరు పందెములో బంగారు పతకము వచ్చింది. అవే పోటీలలో స్ప్రింట్ పందెములో మాత్రం వేరొక జంట వారిని ఓడించింది. ఆ జంటకు పైలట్ క్రెయిగ్ మెక్లీన్. రెండేండ్ల తరువాత, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో, అదే మెక్లీన్ నీల్‌కు పైలట్ అయ్యాడు! ఇద్దరూ కలిసి రెండు బంగారు పతకములు గెలిచారు. నిన్న ఓడించినవాని వెనుక నేడు కూర్చొని తొక్కాలంటే ఎంత తగ్గింపు కావాలో ఆలోచించండి.

టోక్యో పారాలింపిక్స్ 2021లో జరిగాయి. ఆగస్టు 28న మాట్ రాథరమ్ పైలట్‌గా నీల్ ఆ కిలోమీటరును 58.038 సెకన్లలో ముగించాడు. అది ప్రపంచ రికార్డు. గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగము! అదే దినమున చూపులేని ఆయన భార్య లోరా, కొరిన్ హాల్ పైలట్‌గా, 3000 మీటర్ల పందెములో బంగారు పతకము పొందింది. 2024 పారిస్‌లో నీల్‌కు, రాథరమ్‌కు వెండి పతకము వచ్చింది. ఈ పందెములలో పతకము ఇద్దరి మెడలోనూ వేస్తారు. నడిపినవానికీ, వెనుక నుండి తొక్కినవానికీ.

ప్రియులారా, ముందు సీటులో దేవుడు, వెనుక సీటులో మనము అని చెప్పి ఆమేన్ అనడం తేలిక. కాని మోషేను చూడండి. పగలు మేఘము, రాత్రి అగ్ని అతనికి దారి చూపుచున్నవి. అయినను మిద్యానీయుడైన హోబాబును బతిమాలుకున్నాడు. ఈ అరణ్యములో ఎక్కడ దిగాలో నీకు తెలుసు, మాకు కన్నులుగా ఉండమని అడిగాడు. దేవుడు నడిపించే దారిలోనే మనిషికి మనిషి అవసరము. సహాయము కోరడం అవిశ్వాసము కాదు, అవమానము కాదు.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. మా సంఘములో చూపులేని యౌవనస్థుడు ఒకడున్నాడు. ప్రతి ఆదివారము ఎవరో ఒకరు చేయిపట్టి తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టేవారు. క్రిస్మస్‌కు దుప్పటి ఇచ్చేవారము. అతనికోసం ప్రార్థించేవారము. ఏండ్లు అలాగే గడిచాయి. ఒక దినము అతడు, "అయ్యగారూ, మీరు నాకు అన్నీ ఇస్తున్నరు. ఒక్క పని మాత్రం ఇస్తలేరు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దేవుడు అతనికి పెడల్స్ ఇస్తే, నేను క్యారియర్ చూపించాను.

ఇప్పుడు రోగులను దర్శించడానికి అతడు నాతోకూడా వస్తాడు. మొన్న ఒక ఇంట్లో మంచానపడ్డ తల్లి, "బాగనే ఉన్న" అన్నది. ప్రార్థన చేసి నేను లేవబోతుంటే అతడు నా చేయి పట్టి ఆపాడు. "అమ్మ ఏడుస్తున్నది అయ్యగారూ" అన్నాడు. కన్నులున్న నాకు ఆ కన్నీరు కనబడలేదు. మరి ఆ దినము పైలట్ ఎవరు?

శ్రోతలారా, మీ ఇంటిలో, మీ సంఘములో క్యారియర్‌మీద కూర్చోబెట్టినవారు ఎవరైనా ఉన్నారా? వారిమీద జాలిపడి ఊరకుండకండి. వారికి ఒక పని అప్పగించండి. ఒకవేళ వెనుక సీటులో ఉన్నది మీరే అయితే, దారి కనబడలేదని దిగిపోకండి. మీ కాళ్లలో దేవుడు బలము పెట్టాడు.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, ఒకరికొకరము కన్నులుగాను కాళ్లుగాను ఉండే మనస్సు మాకు దయచేయుము. చిన్నచూపు చూచిన మమ్మును క్షమించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.